నలభై రోజుల నిల్వ

ఇన్‌స్పెక్టరు డిపో గేటు దాటేసరికి మధ్యాహ్నం పన్నెండూ నలభై. నాలుగింటికి వ్యాను వస్తుంది. ఆ వ్యాను ఎక్కినవాళ్ళలో తిరిగొచ్చినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

మూడు వారాల కిందట ప్రభుత్వం చమురు బావులన్నిటినీ కంపెనీ దగ్గర్నుంచి స్వాధీనం చేసుకుంది. బావులూ, వాటి పక్కనున్న శుద్ధి కర్మాగారమూ, దాని పక్కనున్న ఈ పెట్రోలు డిపో కూడా ఒక్క పూటలో ప్రజల ఆస్తి అయిపోయాయి. రిజర్వు ట్యాంకులు ఆరూ నిండుగా ఉన్నాయని, నలభై రోజుల నిల్వకు ఢోకా లేదని, వారం తిరక్కుండా పెట్రోలు ధర దిగొస్తుందని మంత్రిగారు రేడియోలో స్వయంగా సెలవిచ్చారు. వారం తిరిగింది, ఇంకో రెండు వారాలూ తిరిగాయి, ధర మూడుసార్లు ఎక్కింది తప్ప ఒక్కసారీ దిగలేదు. పోలీసు జీపులకు రోజుకు రెండు లీటర్లే అన్నారు. ఇవాల్టి రెండు లీటర్లూ మార్చురీకి వెళ్ళి రావడానికే సరిపోయాయి. అందుకని ఇన్‌స్పెక్టరు ఐదు మైళ్ళు కాళ్ళీడ్చుకుంటూ నడిచొచ్చాడు, వెనకాలే హెడ్ కానిస్టేబులు. గేటు బయట రెండు వందల ట్యాంకరు లారీలు మూడు రోజులుగా కదలకుండా ఉన్నాయి. లారీల కింద నీడలో పడుకున్న డ్రైవర్లు నడిచొస్తున్న పోలీసులను చూసి నవ్వే ఓపిక కూడా లేక ఊరుకున్నారు.

డిపార్టుమెంటులో ఆయన్ని నిద్రమొహం అంటారు. ఎదురుగా అనరు, అన్నా ఆయన పట్టించుకోడు. కళ్ళు ఎప్పుడూ సగమే తెరిచి ఉంటాయి. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో చూసినవాటికి ఆ సగం తెరవడమే ఎక్కువని ఆయన అభిప్రాయం. రిటైరవడానికి ఇంకా ఐదు నెలలుంది. ఈ ఐదు నెలలూ ఏ పితలాటకమూ లేకుండా కుర్చీలో గడిపేద్దామనుకున్నాడు. దురదృష్టవంతుణ్ణి బాగుపరిచేవాడు లేడని ఊరికే అనలేదు.

మొన్న పొద్దున ఆరూ నలభైకి, ఆ ఆరు రిజర్వు ట్యాంకుల్లో ఒకటైన ఏడో నంబరు ట్యాంకు మెట్ల కింద కొలతల మేస్త్రీ మెడ విరిగి చచ్చిపడి ఉన్నాడు. ట్యాంకు పైకెక్కి, ఇత్తడి గుండు కట్టిన టేపు లోపలికి దింపి, ఎంత సరుకుందో కొలవడం పద్దెనిమిదేళ్ళుగా అతని పని. ముందురోజు సాయంత్రం క్యాంటీనులో పదిమంది ఎదుట అతనికీ పంపు ఆపరేటరుకీ గొడవైంది. పంపు ఆపరేటరు అతనికి స్వయానా బావమరిది. గేటు దగ్గర గుద్దిన కార్డు ప్రకారం పంపు ఆపరేటరు ఐదూ యాభై అయిదుకే డ్యూటీకి దిగాడు. ట్యాంకుల వైపు మూడో మనిషి వెళ్ళలేదని డిపో మేనేజరు వాంగ్మూలం ఇచ్చాడు. ఇంకేం, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నేరం బావమరిది మీద పడింది. కొత్త చమురు రక్షణ ఆర్డినెన్సు కింద ఇది హత్య కూడా కాదు, విద్రోహం. నాలుగింటికి వ్యాను, రాత్రికి ప్రత్యేక కోర్టు, తెల్లారితే ఉరి. ఈలోపల వేరే మనిషి చేశాడని తేలితేనే వ్యాను అతను లేకుండా వెళ్తుంది.

పొద్దున మార్చురీ దగ్గర మేస్త్రీ భార్య ఇన్‌స్పెక్టరు కాళ్ళ మీద పడలేదు, ఏడవలేదు. ఆమెకి ఏడుపు అప్పటికే అయిపోయినట్టుంది. మొగుడు పోయాడు సరే, తోడబుట్టినవాణ్ణి కూడా ఎందుకు తీసుకెళ్తున్నారో చెప్పమంది. డాక్టరు రిపోర్టులో కుడి చూపుడువేలి గోధుమరంగు మరక పొగాకుదని రాశాడు. ఆయన జన్మలో సిగరెట్టు ముట్టలేదని ఆమె అంది. తర్వాత శవం జేబులోంచి తీసి ఆమెకిచ్చిన వస్తువుల్లోంచి ఒక చిన్న రేకు డబ్బా బయటికి తీసింది. ముందురోజు రాత్రి మూత బిగుసుకుపోయి రాకపోతే, వేడి గుడ్డ పెట్టి ఆమే తిప్పి తీసిందట. అప్పుడు నిండుగా ఉంది. ఇప్పుడు చూస్తే లోపల వేలితో గీరి గీరి తీసినట్టు ఖాళీ. ఆ డబ్బా దేనికో ఇన్‌స్పెక్టరుకి తెలియదు. తెలియనివన్నీ జేబులో వేసుకోవడం ఆయన అలవాటు, ఇదీ వేసుకున్నాడు.

*

పంపు ఆపరేటరుని డిపోలోనే సెక్యూరిటీ గదిలో పెట్టారు. కిటికీ లేదు, ఫ్యాను తిరగడం లేదు. ముప్ఫై ఏళ్ళ మనిషి, రెండు రోజులుగా నిద్రా స్నానమూ లేక నలభై ఐదేళ్ళవాడిలా ఉన్నాడు. ఆరింటికి పంపు గదిలో ఉన్నాను, ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు అని అప్పజెప్పాడు. ఇన్‌స్పెక్టరు అదే ప్రశ్న మూడు రకాలుగా తిప్పి అడిగాడు. మూడుసార్లూ అవే మాటలు, అదే వరస. నిజం చెప్పేవాడు ఎక్కడో ఒకచోట వరస తప్పుతాడు. పంపు మీటరు ఆరింటికి ఎంత చూపించిందని అడిగితే మాత్రం ఒక అంకె చెప్పి, వెంటనే దాన్ని మార్చాడు.

ఇన్‌స్పెక్టరు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అప్పుడు గమనించాడు, ఎదుటివాడి చొక్కా గుండీలు మణికట్టు దాకా పెట్టి ఉన్నాయి.

"ఇంత ఉక్కలో ఆ చేతులు మడుచుకోకూడదటయ్యా?"

పంపు ఆపరేటరు చేతులు బల్ల కిందికి లాక్కున్నాడు. ఇన్‌స్పెక్టరు తన చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, నీ వంతు అన్నట్టు చూశాడు. కాసేపటికి అతనే చేతులు పైకి తెచ్చి, గుండీలు విప్పి, మోచేతుల దాకా మడిచాడు.

ఎడమ చేతి మీద ఊదారంగు సిరాతో 212. కుడి చేతి మీద 213. రెండింటి కిందా బంకు ముద్ర, మొన్నటి తేదీ, 6.30 అని టైము. పెట్రోలు బంకుల దగ్గర క్యూలో ఎవడూ మధ్యలో దూరకుండా ఇలా చేతుల మీద నంబర్లు వేయడం రెండు వారాలుగా నడుస్తోంది. ముద్రలో ఉన్న బంకు ఇక్కడికి నాలుగు మైళ్ళు.

"ఒకటి నీది. రెండోది?"

"మా బావది సార్."

ఆ తర్వాత మిగిలింది దానంతటదే వచ్చింది. ఐదూ యాభై అయిదుకి గేటు దగ్గర కార్డు గుద్దింది అతను కాదు, స్నేహితుడు. ఇప్పుడు డిపోలో సగంమంది వంతులవారీగా ఒకరి కార్డు ఒకరు గుద్దుతూ క్యూలకు పోతున్నారు. చమురు డిపోలో పనిచేసేవాడు పెట్రోలు కోసం లైన్లో నిలబడటం ఏం రాతో గానీ, అదే జరుగుతోంది. బయటపడితే కార్డు గుద్దినవాడికి ఆర్డినెన్సు కింద ఏడేళ్ళు. ఆ స్నేహితుడికి మొన్ననే కూతురు పుట్టింది. ఇతను నోరు మూసుకోవడానికి కారణం అదీ.

"క్యాంటీనులో గొడవ కూడా దీనికే సార్. డ్యూటీ ఎగ్గొట్టి లైన్లో నిలబడతావా, సిగ్గులేదా అని బావ తిట్టాడు. నేనూ ఊరుకోలేదు. అయినా ఆయన స్కూటరు వారం నుంచి మూలపడి ఉంది, కాలినొప్పితో నడిచొస్తున్నాడు. తిడితే తిట్టాడులే అని ఆయనకీ ఒక నంబరు వేయించాను. నేను తిరిగొచ్చేసరికి ఆయన కింద పడి ఉన్నాడు."

బావ బాగు కోరేవాడు బావమరిది అంటారు. బాగు కోరినందుకు ఈ బావమరిది మెడకి ఉచ్చు చుట్టుకుంది. ఇన్‌స్పెక్టరుకి అతని మీద కోపమూ జాలీ రెండూ వచ్చాయి. ఇలాంటి మంచితనం చూసినప్పుడు ఆయనకి ముందు వచ్చేది కోపమే.

డబ్బా తీసి బల్ల మీద పెట్టి, ఇదేమిటన్నాడు. పంపు ఆపరేటరు చూడగానే చెప్పాడు, నీళ్ళ పేస్టు. ట్యాంకుల్లో పెట్రోలు కింద కొంచెం నీరు చేరుతుంది. టేపు చివర గుండుకి ఈ పేస్టు వేలితో గోరంత రాసి అడుగుదాకా దింపుతారు. పెట్రోలులో దాని గోధుమరంగు మారదు. నీళ్ళు తగిలినంత మేరా ఎర్రబడుతుంది. అలా అడుగున ఎన్ని అంగుళాల నీరుందో తెలుస్తుంది.

"ఒక డబ్బా ఎన్నాళ్ళొస్తుంది?"

"ఆర్నెల్లొస్తుంది సార్. అసలిప్పుడు వాడటమే లేదు. ప్రభుత్వం తీసుకున్నాక కొత్త ఆర్డరు ఇచ్చారు, పైనుంచి ఖాళీ ఎంతుందో చూసి రాసుకోండి, గుండు అడుగుకి దింపొద్దు అని. బావకి అది నచ్చలేదు. అడుగు తగలని కొలత ఒక కొలతా అనేవాడు."

"కొత్త డబ్బా ఒక్క పూటలో ఖాళీ అయితే?"

"అవదు సార్," అన్నాడతను. మళ్ళీ డబ్బా లోపలికి చూశాడు, గీరిన వేలి గుర్తులు చూశాడు. "టేపు మొత్తానికి రాస్తే తప్ప అవదు."

ఎందుకు రాస్తారని ఇన్‌స్పెక్టరు అడగలేదు. హెడ్ కానిస్టేబుల్ని గుమ్మంలో నిలబెట్టి, ఎవరొచ్చినా సరే ఆ చేతులకి చుక్క నీరు కూడా తగలనివ్వొద్దని చెప్పి బయటికొచ్చాడు.

*

వరండాలో ప్రత్యేకాధికారి ఎదురయ్యాడు. చమురు బోర్డు తరఫున రాజధాని నుంచి దిగిన మనిషి. ఊరంతా కరెంటు లేక నలిగిన బట్టలతో తిరుగుతుంటే ఇతని చొక్కా మడత మాత్రం చెదరదు. పదకొండేళ్ళ కిందట ఇన్‌స్పెక్టరు కింద ఎస్సైగా చేరి, పంచనామా రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఆ తర్వాత నిచ్చెన మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

"ఎండనపడి నడిచొచ్చారా గురువుగారూ? ఫోను చేస్తే కారు పంపేవాణ్ణి కదా."

"నీ కారుకి పెట్రోలు ఎక్కడిది?"

"బోర్డు కారండీ," అని నవ్వాడు. "చూశారా మావాణ్ణి? ఒప్పుకున్నాడా?"

ఇన్‌స్పెక్టరు నంబర్ల సంగతి చెప్పాడు. ఆరున్నరకి నాలుగు మైళ్ళ అవతల ఉన్నవాడు ఆరూ నలభైకి ఇక్కడ ట్యాంకు మీద మనిషిని తోయలేడని, బంకువాణ్ణి పిలిపిస్తే పది నిమిషాల్లో తేలిపోతుందని అన్నాడు. ప్రత్యేకాధికారి శ్రద్ధగా విన్నాడు. వినడం కూడా ఇన్‌స్పెక్టరే నేర్పాడు.

"సిరా మరక కదండీ. స్పిరిటు పెట్టి రుద్దితే రెండు నిమిషాల్లో పోతుంది."

అది వాదన కాదు, హెచ్చరిక. ఇన్‌స్పెక్టరు కళ్ళు ఇంకాస్త మూసుకున్నాయి. మునుపు ఇలాంటి మాట వింటే చెంప పగలగొట్టేవాడు. ఇప్పుడు అలసట మాత్రమే వచ్చింది. చెయ్యెత్తడానికి పట్టే ఓపిక మెట్లెక్కడానికి దాచుకోవాలి.

"ట్యాంకు చూస్తాను," అన్నాడు.

"అరవై నాలుగు మెట్లండీ. మీ మోకాళ్ళు ఒప్పుకుంటాయా?"

"అవి నన్నడిగి నొప్పెట్టలేదు, నేనూ వాటినడిగి ఎక్కను."

అప్పటికి ఒంటిగంటా యాభై.

*

ట్యాంకుల పక్కన రేకుల షెడ్డులో గోడకి చెక్కపెట్టెలు వరసగా బిగించి ఉన్నాయి, ట్యాంకుకొకటి చొప్పున. పైన బోర్డు: టేపు తుడిచి, చుట్టి, పెట్టెలో పెట్టవలెను. ఆ బోర్డు రాయించింది డిపో మేనేజరు. కంపెనీలో ఇరవై రెండేళ్ళు చేశాడు, పని తెలిసినవాడని ప్రభుత్వం కూడా ఉంచుకుంది. టేపు తడిగా వదిలేస్తే తుప్పు పడుతుందని, అలా వదిలేసినవాళ్ళ జీతాలు కోసేవాడని పంపు ఆపరేటరు చెప్పాడు. మేనేజరు కూడా షెడ్డుకి వచ్చాడు, సన్నటి మనిషి. షెడ్డులో నీడగానే ఉన్నా చెమటలు కక్కుతున్నాడు.

ఇన్‌స్పెక్టరు ఏడో పెట్టె తెరిచాడు. టేపు శుభ్రంగా తుడిచి, బిగువుగా చుట్టి ఉంది. గుండు ఇత్తడి తళతళలాడుతోంది. మూసేసి, ట్యాంకు ఎక్కాడు. ముప్ఫయ్యో మెట్టు దగ్గర ఒకసారి, యాభయ్యో మెట్టు దగ్గర ఒకసారి ఆగాడు. పైన కొలత మూత బిగించే ఉంది. మూత పక్కన రేకు మీద అరచేతి మేర ఎర్రటి చుక్కలు ఎండిపోయి ఉన్నాయి. చూడగానే నెత్తురనుకుంటారు. వేలితో గీకితే మైనంలా పెచ్చు ఊడింది. చుక్కల నుంచి మెట్ల దాకా మోకాళ్ళ మీద పాకుతూ వెతికాడు, ఇంకెక్కడా లేవు. అంటే ఎరుపెక్కిన టేపుని ఎవరో ఇక్కడే నిలబడి తుడిచారు. తుడిచిన గుడ్డ లేదు.

కిందికి దిగేసరికి రెండూ యాభై. ప్రత్యేకాధికారి షెడ్డులో మేనేజరు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టరుకి కుర్చీ లేదు. ఆయన పెట్టెకి ఆనుకుని నిలబడి, మొన్న ఏం జరిగిందో మళ్ళీ చెప్పమన్నాడు. ఆరింటికి మేస్త్రీ టేపు తీసుకుని ఎక్కుతుంటే ఆఫీసు కిటికీలోంచి చూశానని, ఆరూ నలభైకి చప్పుడు వినిపిస్తే పరుగెత్తుకొచ్చానని మేనేజరు చెప్పాడు.

"మరి టేపు పెట్టెలో ఎవరు పెట్టారు?"

"మేస్త్రీయే పెట్టుంటాడు సార్."

"ఎప్పుడు?"

"కొలవడం అయ్యాక."

"అంటే కొలిచాడు, దిగాడు, టేపు పెట్టెలో పెట్టాడు, మళ్ళీ అరవై నాలుగు మెట్లెక్కి అక్కణ్ణుంచి పడి చచ్చిపోయాడు."

మేనేజరు పెదాలు తడుపుకున్నాడు. ఏదైనా మర్చిపోయి మళ్ళీ ఎక్కుంటాడన్నాడు. కాలు నొప్పి ఉన్నవాడా అని ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా అడిగాడు.

"సరే, బావమరిదే తోశాడనుకుందాం. తోసినవాడు పారిపోకుండా టేపు తుడుచుకుంటూ కూర్చున్నాడా? అయినా పంపు ఆపరేటర్లు టేపులు ముట్టుకుంటుంటే మీరెలా ఊరుకుంటున్నారండీ?"

"ఎవరు ముట్టుకుంటారు?" మేనేజరుకి రోషం వచ్చింది. "నా డిపోలో టేపు మీద చెయ్యి వెయ్యాలంటే మేస్త్రీ వెయ్యాలి, లేదా నేను..."

మాట అక్కడ తెగింది. ఇరవై రెండేళ్ళుగా పనివాళ్ళని తిట్టి తిట్టి నేర్పిన పద్ధతి అతని చేతుల్లోనే ఇంకిపోయింది. మనిషిని మెట్ల మీంచి తోసి కూడా టేపు పెట్టెలో పెట్టకుండా వెళ్ళలేకపోయాడు. అతని చూపు ప్రత్యేకాధికారి వైపు పోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం ఇన్‌స్పెక్టరు చాలాసార్లు చూశాడు గానీ, పక్కవాడి భుజం తడమడం ఇదే చూడటం.

"మీరు ఆఫీసులోకి వెళ్ళండి," అన్నాడు ప్రత్యేకాధికారి మేనేజరుతో, మామూలు గొంతుతోనే.

*

ఇద్దరూ ఏడో ట్యాంకు నీడలోకి నడిచారు. ఇన్‌స్పెక్టరు డబ్బా తీసి చేతిలో పెట్టుకున్నాడు.

"పాపం, పేస్టు పాడైందనుకుని ఉంటాడు. మొదట గుండుకి రాశాడు, ఎర్రబడింది. ఆరడుగులు రాశాడు, ఎర్రబడింది. చివరికి డబ్బా గీరి టేపంతా రాశాడు. ఇందులో పెట్రోలు ఎంతుంది?"

ప్రత్యేకాధికారి వాచీ చూసుకున్నాడు. మూడూ పది.

"పైన ఒక అడుగు. కింద నలభై అడుగులు సముద్రపు నీళ్ళు. ఇదొక్కటే కాదు, ఆరింటిలోనూ అంతే."

కంపెనీకి స్వాధీనం సంగతి నెల ముందే పొక్కిందట. సరుకంతా ఓడలకెక్కించి, ట్యాంకుల్లోకి సముద్రాన్ని తోడి, నవ్వుతూ తాళాలు అప్పజెప్పి వెళ్ళిపోయారు. బోర్డువాళ్ళు పైనుంచి ఖాళీ కొలుచుకుని నిండుగా ఉన్నాయని సంబరపడ్డారు. మూడో రోజుకి ఇతనికి తెలిసింది. అప్పటికే మంత్రిగారు రేడియోలో నలభై రోజులన్నారు. గుండు అడుగుకి దింపొద్దన్న ఆర్డరు ఇతనిదే. తెలిసినవాడెవడూ గేటు దాటి మాట్లాడకుండా చూడమని మేనేజరుకి చెప్పింది కూడా ఇతనే.

"తోసెయ్యమని చెప్పలేదండీ," అన్నాడు. "మేస్త్రీ పైనుంచి కేకేసి పిలిచాడట. ఈయన ఎక్కాడు. డ్రైవర్లకి చెప్తానని అతను మెట్ల వైపు నడిచాడట. ఈయన కంగారుపడ్డాడు."

"కంగారుపడి టేపు తుడిచాడు."

"గురువుగారూ, పది రోజుల్లో బయటినుంచి ఓడ వస్తోంది. ఈ పది రోజులూ జనం నమ్మాలి. నీళ్ళని తెలిస్తే ఇవాళే బంకులు తగలబెడతారు. ఆస్పత్రి జనరేటర్లకి ఉంచిన పీపాలు కూడా ఎత్తుకుపోతారు. ఎంతమంది పోతారో మీరే లెక్కవేయండి. మేనేజరు చంపాడని రాస్తే ఎందుకు చంపాడో రాయాలి. బావమరిది చంపాడంటే కుటుంబ గొడవ. అక్కడితో సరి."

ఇన్‌స్పెక్టరుకి అందులో తప్పు వెంటనే కనిపించలేదు. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం ఇంటికెళ్ళి పడుకోవాలనిపించింది. ఐదు నెలలు. కుర్చీ. ఎవడో ఒకడు ఎలాగూ పోతాడు, ఆ ఒక్కడి వల్ల ఊరు నిలుస్తుందేమో. ఇలాంటి లెక్కలు తన కంటే తెలివైనవాళ్ళు వేస్తారు. అప్పుడు చేతుల మీది నంబర్లు గుర్తొచ్చాయి, ఒకటి తనకి, ఒకటి తిట్టిన బావకి. ఏడుపు అయిపోయిన ఆ అక్కగారి మొహం గుర్తొచ్చింది. ఆమెకి రేపు పొద్దున ఏమని చెప్పాలి? ఓడ వస్తోందమ్మా అనా?

గేటు తెరిచిన చప్పుడైంది. మూడూ ముప్ఫై అయిదు. నల్లటి వ్యాను లోపలికొచ్చి సెక్యూరిటీ గది ముందు ఆగింది.

"ముందే వచ్చేసిందే," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దారిలో బళ్ళు లేవు కదండీ."

ఇన్‌స్పెక్టరు ట్యాంకు అడుగుకి నడిచాడు. అక్కడ నేలకి జానెడు ఎత్తున ఒక గొట్టం, దానికి చక్రం, చక్రానికి బోర్డు కొత్తగా వేసిన సీసం సీలు. ప్రతి ట్యాంకుకీ ఉండేదే. స్వాధీనానికి ముందు అడుగున చేరిన నీటిని రోజూ పొద్దున దీనిలోంచి వదిలేవారు. అరబక్కెట నీళ్ళు పోగానే పెట్రోలు వాసన వచ్చేది, కట్టేసేవారు. లారీ డ్రైవర్లు రోజూ చూసినదే. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, సీసం సీలుని బూటు మడమతో రెండు దెబ్బలు కొట్టి తెంచాడు.

"ఏం చేస్తున్నారు?"

సమాధానం చెప్పే ఊపిరి చక్రం తిప్పడానికే సరిపోయింది. మొదట కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా తిరిగింది. నీళ్ళు దబదబా పడి సిమెంటు కాలవలోకి, కాలవలోంచి ఇనుప కంచె కింద నుంచి రోడ్డు పక్క గుంటలోకి పారాయి. గుంట పక్కనే లారీలు. ఒక నిమిషం పారాయి. రెండు నిమిషాలు పారాయి. కంచె దగ్గరి లారీ కింద పడుకున్న ముసలి డ్రైవరు తల ఎత్తాడు. ఐదో నిమిషానికి లేచి కూర్చున్నాడు. ఎనిమిదో నిమిషానికి గుంట దగ్గరికొచ్చి, దోసిలి పట్టి, వాసన చూసి, నాలిక్కి తాకించుకున్నాడు.

ప్రత్యేకాధికారి చక్రం మీద చెయ్యి వేశాడు. ఇన్‌స్పెక్టరు దాని మీద తన ఒళ్ళంతా వేసి కూర్చున్నాడు. అంత బరువు లాగడం ఇస్త్రీ చొక్కాకి చేతకాలేదు. చొక్కా నిండా బురద పడింది.

"ఉప్పగా ఉన్నాయి సార్," అన్నాడు ముసలి డ్రైవరు కంచె అవతల్నుంచి. "ఇదొక్కటేనా?"

"ఆరూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డ్రైవరు వెనక్కి తిరిగి, పక్క లారీవాడికి చెప్పాడు. అతను ఇంకొకడికి చెప్పాడు. కేకలేమీ లేవు. లారీల కిందనుంచి మనుషులు లేచి నిలబడుతూనే ఉన్నారు.

"ఒక్కడి కోసం," ప్రత్యేకాధికారి చక్రం వదిలేశాడు. "ఒక్క పంపు ఆపరేటరు కోసం ఊరిని తగలబెట్టారు."

"అయ్యుండొచ్చు. ఊరు సంగతి నాకు తెలీదయ్యా. నాకిచ్చిన కేసు ఆ ఒక్కడే."

తను చేసింది మంచో చెడో ఇన్‌స్పెక్టరుకి ఇవాళ రాత్రికి గానీ తెలియదు, తెలిశాక కూడా ఎవరికీ చెప్పుకోలేడు.

మొదటి రాయి మేనేజరు ఆఫీసు కిటికీకి తగిలింది. డ్రైవర్లు కంచె పట్టుకుని ఊపుతున్నారు. మూడు రోజులుగా ఎండలో ఆకలితో కాపలా కాసింది ఉప్పునీళ్ళకోసమని తెలిసినవాళ్ళు, ఆ నీళ్ళు పోసినవాడెవడా అని చూస్తున్నారు. వాళ్ళకి కనిపించే కంపెనీ మనిషి ఒక్కడే మిగిలాడు. ఆఫీసు తలుపు తెరుచుకుంది. మేనేజరు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి ఇన్‌స్పెక్టరు చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నన్ను అరెస్టు చెయ్యండి సార్. మేస్త్రీని నేనే తోశాను. టేపు నేనే తుడిచాను, గుడ్డ నా బీరువాలో ఉంది. అన్నీ రాసిస్తాను, ఆ వ్యాను ఎక్కించెయ్యండి. దేవుడు మేలు చేస్తాడు, వాళ్ళకి మాత్రం దొరకనివ్వకండి."

కంచె మూల స్తంభం ఒకటి పక్కకి ఒరిగింది.

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి, మేనేజరుని తన వీపు వెనక్కి లాక్కుని, ప్రత్యేకాధికారి వైపు తిరిగాడు. ఈసారి ఆయన కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి.

"కాగితం తియ్యి. వాంగ్మూలం రాసుకో. వ్యాను ఆర్డరులో పంపు ఆపరేటరు పేరు కొట్టేసి ఈయన పేరు రాయి, అక్కడ సంతకం పెట్టు. నీ చేత్తోనే రాయాలి."

"ఇప్పుడా? వాళ్ళు లోపలికొస్తున్నారు గురువుగారూ."

"అందుకే త్వరగా రాయమంటున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఒరిగిన స్తంభానికి ఎదురుగా నడుస్తూ. "నేను వాళ్ళని ఎంతసేపు ఆపగలనో నాకే తెలీదు."

ప్రత్యేకాధికారి బురద చేతుల్ని చొక్కాకి తుడుచుకుని, జేబులోంచి కలం తీశాడు. మూడూ యాభై రెండు. రెండో స్తంభం కూడా ఒరిగింది.